నూలిచ్చువాడు – నేయువాడు – కొనువాడు
(మహాసభయందు గావించిన ఉపన్యాసము)

 

మన వృత్తి యొక్కనిచే నడచునది కాదు. ఆదోని, నంద్యాల సీమల రైతు పత్తి పండించును. మిల్లు నూలు వడుకును. షావుకారు దానిని నేతగాని కిచ్చును. నేసిన బట్టను వర్తకుడు కొనును. ఇందొక పోగు తెగినను మగ్గము నిలిచిపోవును.

నా బాల్యమున జరిగిన సంగతి నొకదానిని విన్నవించెదను. 840 గజముల చిలుపలు నలువది కలిసి యొక పౌను తూగినచో దానిని 40వ నంబరు నూలందురు. ఒకమారు షావుకారు పేకకు 40వ నంబరని చెప్పి 30వ నంబరు నూలు తూచి యిచ్చెను. తూకము సరియే, పొడవులో నాల్గవవంతు తక్కువ. అడిగినచో మఱునాడు నూలు దొరకదేమోయని మా తండ్రిగారు నోరు మెదపక, పేక పలుచగా నేసి నిడివి సరిపెట్టిరి. వర్తకుడా బట్టలను త్రిప్పి పంపెను. షావుకారునకు బేరము పోయెను. మాకు మజూరి పోయెను. ఒకరు దాచిరి, ఒకరు అడుగరైరి. నష్టము మాత్ర మిరువురి పాలయ్యెను.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున సూత్రాధ్యక్ష ప్రకరణమందు, నూలు సన్నమో ముతకయో మధ్యమమో యెఱిగి కూలి నిర్ణయింపవలె ననెను. కూలి నిచ్చుటలో కాలాతిక్రమణము చేసినందుకును, చేయని పనికి కూలి యిచ్చినందుకును ఒకే దండనము విధించెను. ధర్మ మిరుపక్షములకు నొక్కటియే యని దీని తాత్పర్యము.

ఈ ధర్మమునే మాచాని సోమప్పగారు ఆచరణమున జూపిరి. వారు 1938లో ఎమ్మిగనూరున నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించి, నూలిచ్చుటను, బట్ట నమ్ముటను ఒక్క చోట గూర్చిరి. అందు నేతగాడు ఋణగ్రస్తుడు కాడు, సభ్యుడు. సభ్యునకు అడుగు హక్కు కలదు. అడుగ గలిగిననాడే నూలులోని లోపము మగ్గ మెక్కకముందే బయటపడును.

కావున షావుకార్లకు నా విన్నపము: నూలు నంబరును, తూకమును ఎదుట జూపి వ్రాసి యిండు; కావలసిన రకమును, గడువును ముందుగా దెలుపుడు; బట్ట చేరిననాడే మజూరి చెల్లింపుడు. నేత సోదరులకు: సందేహము గలిగిన వెంటనే యడుగుడు, పేక పలుచ చేయకుడు, గడువు తప్పకుడు. ప్రొద్దుటూరైనను, జమ్మలమడుగైనను, ఎమ్మిగనూరైనను, నమ్మకమున్న చోటనే మగ్గము నిలువక యాడును.