పామ్ ద్వీపవాసులు

ఆస్ట్రేలియా పటమును విప్పి చూచినచో ఈశాన్య తీరమున, టౌన్స్‌విల్ పట్టణమునకు సుమారు 65 కిలోమీటర్ల దూరమున, సముద్రములో చిన్న చుక్కవలె పామ్ ద్వీపము కానవచ్చును. 1770లో కెప్టెన్ కుక్ ఈ దీవులకు ఆ పేరు పెట్టెను. అంతకు ఎన్నో తరముల పూర్వమునుండియు మన్‌బర్రా జనులు అచ్చట నివసించుచుండిరి. కొండలు, అడవులు, నీలిసముద్రము: చూచువారికి అది స్వర్గమే. కాని ఆ స్వర్గము వేలమందికి చెఱసాల యయ్యెను. ఆ కథనే నేడు మేము మనవి చేయబూనితిమి.

1883లో ఒక సర్కసు దళారి ఈ ప్రాంతపు ఆదివాసులను తొమ్మండుగురిని ప్రదర్శనకై అమెరికాకు కొనిపోయెను. వారిలో టాంబో అను యువకుడు మరుసటి యేడే క్లీవ్‌లండ్ నగరమున మరణించెను. అతని కళేబరమును సైతము ప్రదర్శనకు పెట్టిరి.

1918 మార్చి 10వ తేదీన పెనుతుపాను తీరమందలి హల్ నది ఆదివాసి శిబిరమును నేలమట్టము చేసెను. బ్రతికి బయటపడినవారిని ప్రభుత్వము పామ్ ద్వీపమునకు చేర్చెను. పిమ్మట, 1897 నాటి చట్టము ననుసరించి, క్వీన్స్‌లండ్ నలుమూలలనుండి నలువదికి పైగా తెగలవారిని తెచ్చి అచ్చట నుంచిరి. విచారణ లేదు, తీర్పు లేదు. అధికారి యాజ్ఞయే చాలును. ఉదయము గంట మ్రోగిన పనికి పోవలెను. రాత్రి గంట మ్రోగిన ఇల్లు కదలరాదు. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి వసతిగృహములలో నుంచిరి.

1957 జూన్ మాసమున ద్వీపవాసులు మంచి కూలికై, మంచి తిండికై, మర్యాదకై సమ్మె కట్టిరి. ఐదవనాటికి పోలీసులు తెల్లవారుజామున వచ్చి ఏడుగురు నాయకులను నిర్బంధించి, భార్యాబిడ్డలతోగూడ వెడలగొట్టిరి. శిక్షగా జనులను తెచ్చిన చోటునుండియే మరల శిక్షగా జనులను పంపివేయుట వింతయే కదా!

కష్టములు అంతటితో తీరలేదు. 2004 నవంబరులో ఒక ద్వీపవాసి పోలీసు నిర్బంధమున మరణింపగా అల్లరులు చెలరేగెను. పిమ్మట పోలీసులు వ్యవహరించిన తీరు జాతివివక్షతో కూడినదని 2016లో ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2018లో ప్రభుత్వము క్షమాపణకును, 3 కోట్ల డాలర్ల పరిహారమునకును అంగీకరించెను.

ఇన్ని తెగలవారిని, ఇన్ని భాషలవారిని బలిమిచే ఒకచోట చేర్చినను, వారొకరికొకరు శత్రువులు కాలేదు. తామందరము ఒక్క జనమే యని ఒక్క పేరు పెట్టుకొనిరి.

1993లో క్లీవ్‌లండ్‌లో టాంబో కళేబరము బయటపడెను. మరుసటి ఫిబ్రవరిలో ద్వీపవాసులు దానిని స్వదేశమునకు తెచ్చి తమ మట్టిలో సమాధి చేసిరి. ఇల్లు చేరుటకు ఆ యువకునికి మరణించిన పిదప 110 సంవత్సరములు పట్టెను.