చీనా అక్షరమునకొక కథ

మన పిల్లలకు అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు వచ్చినచో చాలును; అర్థము తెలిసినను తెలియకున్నను తెలుగున ఏ మాటనైనను కూడబలుకుకొని చదువగలరు. చీనా బాలునకు ఈ సౌలభ్యము లేదు. ఆ లిపిలో ఒక అక్షరము సాధారణముగా అర్థముగల ఒక పలుకును తెలుపును. కొత్త మాట వచ్చినపుడు కొత్త అక్షరమును గూడ ఎదుర్కొనవలసి రావచ్చును. క్రీస్తుశకము 100 ప్రాంతమున షూ షెన్ అను పండితుడు కూర్చిన నిఘంటువులో 9,353 అక్షరములున్నవి. 1716లో కాంగ్‌షీ చక్రవర్తి ఆజ్ఞచే పూర్తియైన నిఘంటువులో 47,000లకు పైబడినవి. ఇది విని భయపడనక్కరలేదు. వీనిలో పెక్కు పూర్వగ్రంథములందు దక్క కానరావు. 2013లో చీనా ప్రభుత్వము ప్రకటించిన ప్రామాణిక పట్టికలో 8,105 అక్షరములుండగా, అందు మొదటి తరగతికి చెందినవి 3,500. సామాన్య విద్యకు ఇవి ఆధారము. అయినను మూడువేల అయిదువందల రూపములను మానవమాత్రుడు ఎట్లు జ్ఞాపకముంచుకొనును? నేడు మేము శ్రోతలతో ముచ్చటింపదలచినది ఈ విషయమే.

చీనా పాఠశాలలలోని పాత పద్ధతి మన పలక పద్ధతి వంటిదే. గళ్ళ కాగితముపై ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరమును, చేయి తనంతట తాను కదలునంతవరకు, మరల మరల వ్రాయింతురు. బాలునకు ఇది సరిపోవును. ఏలయన, వాడు వ్రాయుచున్న మాట వానికి ముందే నోట నున్నది. వానికి బడిలో ఏండ్ల వ్యవధియు నున్నది. పెద్దవయసున ఆ భాషను నేర్వబూనిన పరదేశికి ఈ రెండును లేవు. సోమవారము నూరుమారులు వ్రాసిన అక్షరము శనివారమునకు మరపున పడును. అట్టివానికి తోడ్పడునదే కథల పద్ధతి.

రేడియోలో అక్షరములను చూపుటకు వీలులేదు. కనుక శ్రోతలు ఒక కాగితమును, పెన్సిలును తెచ్చుకొందురుగాక. ముందుగా ఒక అడ్డుగీత గీయుడు. దానిని ఖండించుచు నడుమ ఒక నిలువుగీత గీయుడు. ఆ రెండును కలిసిన చోటినుండి ఎడమకొకటి, కుడికొకటి, రెండు ఏటవాలు గీతలను క్రిందికి దింపుడు. ఇది చెట్టు. రెండు చెట్లు ప్రక్కప్రక్కన వ్రాసిన తోపు. పైన ఒకటి, క్రింద రెండు వ్రాసిన అడవి. ఇక ఒక చిన్న ఏటవాలు గీతను ఎడమకు దింపి, దాని నడుమనుండి ఒక నిలువుగీత గీసినచో అది మనిషి. ఆ మనిషిని చెట్టునకు ఎడమప్రక్కన నిలిపినచో అర్థమేమి? ఎండన పడి వచ్చినవాడు చెట్టునానుకొని ఏమి చేయును? విశ్రాంతి తీసికొనును. ఆ అక్షరమునకు అర్థము అదియే.

చెట్టు మొదట, నిలువుగీతపై ఒక చిన్న అడ్డుగీత చేర్చుడు. అది వేరు, మూలము అను అర్థమిచ్చును. ఆ మూలము ప్రక్కన మనిషిని నిలిపిన, నేటి చీనా వ్రాతలో దేహము. చెట్టు అడ్డుగీతకు పైన మరియొక అడ్డుగీత, క్రిందిదానికంటె పొడవుగా గీసిన, అది కొస. పైగీత క్రిందిదానికంటె పొట్టిదైన, ఇంకను లేదు అని అర్థము. ఈ కడపటి రెండును కొత్తవారిని మిక్కిలి తికమక పెట్టును. కాని, కొమ్మ పొట్టిగా నున్నది, ఇంకను ఎదుగలేదు, అని ఒక్కమారు అనుకొన్నవానికి ఆ తికమక యుండదు.

ఇందలి కీలకము శ్రోతలు గ్రహించియే యుందురు. అక్షరములు వేలకొలది యున్నను, వానిని కట్టిన ముక్కలు వందలలోనే యున్నవి. కాంగ్‌షీ నిఘంటువు అక్షరములన్నింటిని 214 శీర్షికల క్రింద సర్దినది. పన్నెండు గీతల అక్షరమును గీతలుగా చూచిన పన్నెండు జ్ఞాపకములు కావలయును. మూడు ముక్కలుగా చూచిన మూడు చాలును. ఆ మూడింటిని ఒక కథగా కూర్చిన ఒక్కటి చాలును. కప్పు క్రింద పంది యున్నచో ఇల్లు. సూర్యుడు చంద్రుడు కలిసిన వెలుగు. పొలము క్రింద బలమున్నచో పురుషుడు.

ఇది నేటి కల్పన కాదు. ఇటలీ దేశీయుడగు మత్తెయో రిచ్చి అను జెసూట్ మతగురువు 1582లో మకావు చేరి చీనా భాషను నేర్చెను. 1596లో నాన్‌చాంగ్ నగరమున నుండగా, జియాంగ్సీ ప్రాంతపు పాలకుని కుమారులు రాజపరీక్షలకు చదువుచుండిరి. వారి కొరకు అతడు జ్ఞాపకశక్తిని గూర్చి చీనా భాషలో ఒక చిన్న గ్రంథము వ్రాసెను. మనసున ఒక మందిరమును కట్టుకొని, దాని నాలుగు మూలల నాలుగు బొమ్మలు నిలుపుమని అతని ఉపదేశము. ఒక మూల ఇద్దరు యోధులు పెనగులాడుచుందురు. ఒకడు ఈటెతో పొడువబోగా రెండవవాడు వాని మణికట్టు పట్టి ఆపుచుండును. ఈటె, ఆపుట అను ముక్కలు గల ఆ అక్షరమునకు యుద్ధమని అర్థము. వేరొక మూల పడమటి దేశపు స్త్రీ. పడమర, స్త్రీ అను ముక్కలు చేరిన అది, కావలయును అను అక్షరము. మూడవ మూల కొడవలితో పైరు కోయనున్న రైతు, అది లాభము. నాలుగవ మూల బిడ్డనెత్తుకొన్న దాసి. స్త్రీ, బిడ్డ కలిసిన అక్షరము మంచి.

అయితే పాలకుని పెద్దకుమారుడు ఆ గ్రంథమును చదివి యొక చక్కని మాట అన్నాడని రిచ్చియే తెలిపెను. సూత్రములు సరియైనవే గాని, వానిని వాడుకొనుటకే గొప్ప జ్ఞాపకశక్తి కావలయునని దాని సారాంశము. ఈ ఆక్షేపణను త్రోసివేయరాదు. పొడవైన కథ అక్షరముకంటె బరువగును. ఇంకొకరు చెప్పిన కథకంటె తాను కల్పించుకొన్నది నిలుచును. అది ఒక్క వాక్యమున ముగియవలయును, కంటికి కట్టవలయును, కొంత వింతగాను ఉండవలయును.

మరియొక హెచ్చరిక గలదు. జ్ఞాపకమునకు కట్టిన కథ వేరు, అక్షరముయొక్క చరిత్ర వేరు. తూర్పు అను అక్షరపు పాతరూపమును చూచి, చెట్టు వెనుక ఉదయించు సూర్యుడని షూ షెన్ కాలమునుండి చెప్పుచు వచ్చిరి. కాని 1899లో వెలుగునకు వచ్చిన ప్రాచీన అస్థిశాసనములలో అది రెండుకొసల కట్టిన సంచివలె కానవచ్చుచున్నది; ఉచ్చారణసామ్యముచే తూర్పునకు వాడుకొనిరని పండితులందురు. ఈటెను ఆపుటయే వీరమని పూర్వమొక రాజు అన్నట్లు చీనా చరిత్రగ్రంథము చెప్పును. కాని ఆపుట అను ముక్క మొదట పాదపు బొమ్మ. ఇంతకుముందు మనము వ్రాసిన వేరు, కొస అను అక్షరముల విషయమున మన కథయు చరిత్రయు ఒక్కటే. ఇంకను లేదు అను దాని కథ కేవలము కల్పన. కల్పనను వాడుకొనుట తప్పు కాదు; దానిని చరిత్రగా ఇతరులకు బోధించుట తప్పు.

కథకు లొంగనిది ధ్వని. చీనా అక్షరములలో నూటికి ఎనుబదికి పైగా, ఒక ముక్క అర్థమును, ఒక ముక్క ఉచ్చారణను సూచించునట్టివి. తల్లి అను అక్షరమున స్త్రీయు గుఱ్ఱమును ఉన్నవి. సంసారభారమును గుఱ్ఱమువలె మోయునది తల్లి యని కథ చెప్పవచ్చును. వాస్తవమున గుఱ్ఱము అక్కడ ఉన్నది 'మా' అను ధ్వని కొరకే. అట్లే 'చింగ్' అను ధ్వనిగల ఒక ముక్కకు నీరు చేర్చిన నిర్మలము, సూర్యుని చేర్చిన నిర్మలాకాశము, హృదయమును చేర్చిన భావము, మాటను చేర్చిన ప్రార్థించుట. స్వరభేదమే గాని పలుకు ఒక్కటే. ఈ కుటుంబమును గుర్తించినవానికి నాలుగు కథలు అక్కరలేదు.

జేమ్స్ హైసిగ్ అను పండితుడు 1977లో జపానులో ప్రకటించిన పుస్తకమున, జపాను వారు వాడు చీనా అక్షరములకు ముందు అర్థమును, వ్రాతను కథలతో నేర్పి, ఉచ్చారణను తరువాతి సంపుటమునకు విడిచెను. ఆ మార్గమును మెచ్చినవారు పెక్కుమంది. అర్థము తెలిసియు పైకి చదువలేని చదువు ఏమి చదువని ఆక్షేపించినవారును కలరు. రూపమును కథకు, ధ్వనిని కుటుంబమునకు, వాడుకను వాక్యమునకు అప్పగించుట మేలని మా అభిప్రాయము.

నేడు టెలిఫోనుపై రోమను లిపిలో ధ్వనిని కొట్టినచో అక్షరము తానే కానవచ్చును. అందుచే విద్యావంతులగు చీనీయులును, కలమెత్తగానే అక్షరము మరచితిమని వాపోవుచున్నారు. ఆ స్థితికి వారి భాషలో ఒక నానుడియే కలదు. కన్ను గుర్తించినదెల్ల చేయి వ్రాయలేదు. ముక్కలను వరుసగా పిలుచు కథ ఇట్టివేళ చేతికి తోడగును.

మనకును ఇది వింత కాదు. ఛందస్సు నేర్చిన శ్రోతలు యమాతారాజభానసలగం అను సూత్రముతో గణములను పట్టుకొనియే యుందురు. గణములు స్వాధీనమైన పిదప పద్యము వ్రాయునపుడు ఆ సూత్రము తలపునకు రాదు. చీనా అక్షరపు కథయు అట్లే. చదువుట అలవడినకొలది అది తెరమరుగగును. అట్లు మరుగగుటయే అది పని చేసినదనుటకు గుర్తు.

పెన్సిలు పట్టిన శ్రోతల కాగితముపై ఇప్పుడు చెట్టు, తోపు, అడవి, విశ్రాంతి, మూలము, దేహము, కొస, ఇంకను లేదు అను ఎనిమిది అక్షరములుండవలయును. రేపు ప్రొద్దుట ఆ కాగితమును చూడక వానిని మరల వ్రాసి, ఎన్ని నిలిచినవో లెక్కించుకొందురుగాక.