ఫైలు మీద సంతకం లేనివాళ్ళు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రాజెక్టుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఇంజనీరింగ్ సర్వీసులో ముప్ఫై ఏళ్ళు ఇటుకలు, సిమెంటు లెక్కపెట్టినవాణ్ణి. కానీ ఈరోజు వాటి గురించి కాదు, మనుషుల గురించి మాట్లాడతాను. మేనేజిమెంటు పుస్తకాల్లో వీళ్ళని 'స్టేక్‌హోల్డర్లు' అంటారు. 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ రాసిన పుస్తకంతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. దీన్ని మనవాళ్ళు 'వాటాదారులు' అంటుంటారు. నాకది నచ్చదు. వాటాదారు అంటే డబ్బు పెట్టినవాడు. స్టేక్‌హోల్డర్ అంటే మనం చేసే పని వల్ల మేలో కీడో పొందేవాడు, లేదా ఆ పనిని నడిపించగలవాడు, ఆపగలవాడు. పైసా పెట్టకపోయినా సరే.

ఈ పాఠం నేను క్లాసులో నేర్చుకోలేదు. ఒక గోడ దగ్గర నేర్చుకున్నాను.

1996లో రాజస్థాన్‌లో ఒక స్టేషన్లో ఉండేవాణ్ణి. జవాన్ల కుటుంబాలకి క్వార్టర్లు, చుట్టూ ప్రహరీ గోడ కట్టాలి. పద్ధతి మీకు తెలిసిందే. కన్వీనింగ్ ఆర్డర్ వచ్చింది, బోర్డ్ ఆఫ్ ఆఫీసర్స్ కూర్చుంది, స్థలం చూసింది, ప్రొసీడింగ్స్ మీద అందరూ సంతకాలు పెట్టారు. యూనిట్ వాళ్ళు, స్టేషన్ హెడ్‌క్వార్టర్స్, డాక్టరుగారు, మేము. ఒక్క సంతకం కూడా తక్కువ లేదు. నేను చాలా సంతోషించాను.

స్థలానికి ఉత్తరం అంచున ఒక కాలిబాట ఉండేది. పక్క ఊరి పిల్లలు దాని మీదుగా బడికి వెళ్ళేవారు. మా మ్యాపులో ఆ బాట లేదు. బోర్డు స్థలం చూసింది మే నెలలో, బడికి సెలవులు. జీపులో వచ్చాం, చూశాం, వెళ్ళాం. బాట మీద ఒక్క మనిషీ కనపడలేదు. హద్దురాయి వరకూ మన భూమే కదా అని గోడ గీత హద్దు మీదే గీశాం.

గోడ లేచింది. పిల్లలు చుట్టూ తిరిగి హైవే అంచున నడవడం మొదలుపెట్టారు. రెండు నెలల తర్వాత ఒక పొద్దున లారీ తగిలి తొమ్మిదేళ్ళ కుర్రాడికి కాలు విరిగింది. మా ఎం.ఐ. రూంలో కట్టు కట్టి జిల్లా ఆసుపత్రికి పంపాం. ప్రాణానికి ప్రమాదం తప్పింది గానీ, ఆ తర్వాత వాడు కుంటుతూనే నడిచాడు.

మర్నాడు ఊరి పెద్దాయన నా ఆఫీసుకి వచ్చాడు. కేకలెయ్యలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు. "సాబ్, భూమి మీది, గోడ మీది. కాదనం. గీత గీసేముందు మమ్మల్ని ఒక్క మాట అడిగితే బాట సంగతి చెప్పేవాళ్ళం కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఫైలు తీసి చూపిద్దామా అనిపించింది. ఏం చూపిస్తాను? అందులో ఉన్న సంతకాలన్నీ మావే.

కమాండరుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. ఆ వైపు గోడ కూలగొట్టి పన్నెండు అడుగులు లోపలికి జరిపి కట్టాం. కాగితం మీద గీత జరపడానికి రబ్బరు ముక్క చాలు. కట్టాక జరపడానికి మూడు నెలలు పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆ తర్వాత ఒక కోర్సులో నాలుగు గళ్ళ పటం చూపించారు. ఒక వైపు అధికారం, ఒక వైపు ఆసక్తి. రెండూ ఎక్కువున్నవాళ్ళని దగ్గర పెట్టుకోవాలి. మనకి కమాండరు, యూనిట్ సి.ఓ. అలాంటివాళ్ళు. అధికారం ఉండి ఆసక్తి లేనివాళ్ళని తృప్తిగా ఉంచాలి. కరెంటు ఆఫీసు, ఆడిట్ వాళ్ళు ఈ గడిలోకి వస్తారు. వాళ్ళకి ఒక్క కాగితం అందకపోతే పని ఆగుతుంది. ఆసక్తి ఉండి అధికారం లేనివాళ్ళకి విషయం తెలియజేస్తూ ఉండాలి. రెండూ లేనివాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచితే చాలు.

పటం మంచిదే. కానీ మా కుర్రాడు ఏ గడిలో ఉన్నాడు? అధికారం లేదు. గోడ వస్తోందని తెలియదు కాబట్టి ఆసక్తీ లేదు. పటం ప్రకారం వాడు ఆఖరి గడి. అందుకే నేను మూడో ప్రశ్న ఒకటి చేర్చుకున్నాను: ఈ పని తేడా వస్తే అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఎవరు?

అప్పట్నించి నేను పాటించినవి చెబుతాను. స్థలాన్ని జీపులో కాదు, నడిచి చూడాలి. తెల్లారుజామున, బడివేళ, సాయంత్రం, మూడుసార్లు. ఒక నోటు పుస్తకంలో ప్రతివాళ్ళకీ ఒక వరస: ఎవరు, ఏం కావాలి, దేనికి భయపడుతున్నారు, మనలో ఎవరు వెళ్ళి మాట్లాడాలి, మళ్ళీ ఎప్పుడు. అడిగినవన్నీ ఇస్తామని మాత్రం అనకూడదు. క్వార్టర్ల ఆడవాళ్ళు పెద్ద బాల్కనీ అడిగారు. స్కేల్స్ ఒప్పుకోవు, వీలుపడదని మొదటిరోజే చెప్పాను. అదే మీటింగులో బట్టలారేసుకునే తీగ ఎటువైపు ఉండాలో చెప్పారు. అలాగే చేశాం, ఖర్చేమీ కాలేదు.

ఇంకొకటి మన ఫౌజుకే ప్రత్యేకం. మన స్టేక్‌హోల్డర్లకి పోస్టింగులు వస్తాయి. ఒక సి.ఓ. ఒప్పుకున్నదాన్ని రెండేళ్ళకి వచ్చిన కొత్త సి.ఓ. మార్చమంటాడు. అందుకని ఒప్పుకున్న ప్రతి మాటా రాతలో ఉండాలి. మీరు బదిలీ అయినప్పుడు హ్యాండింగ్ ఓవర్ నోట్‌లో సామాన్ల జాబితాతో పాటు ఈ మనుషుల జాబితా కూడా ఇవ్వండి.

పెద్ద ప్రాజెక్టుల్లో ఇది సాధ్యమా అంటారేమో. శ్రీధరన్‌గారి నాయకత్వంలో ఢిల్లీ మెట్రో మొదటి మార్గం, షాదరా నుంచి తీస్ హజారీకి, 2002 డిసెంబరులో మొదలైంది. ఆ పనులప్పుడు ఢిల్లీలో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మట్టి లారీలు సైటు దాటి రోడ్డెక్కేముందు వాటి చక్రాలు కడిగేవారు. ఆ రోడ్డు మీద పోయే స్కూటరువాడి సంతకం ఏ కాంట్రాక్టు మీదా లేదు. అయినా వాడి మీద బురద పడకూడదని ఎవరో ముందే ఆలోచించారు.

మనలో చాలామంది రిటైరయ్యాక సొంత ఊరు వెళ్ళి ఏదో ఒక మంచి పని తలపెడతాం. బోరు వేయిస్తాం, బడికి గది కట్టిస్తాం. మిలిటరీ ఆయన వచ్చాడని ఊరు ఎదురు చెప్పదు. ఎదురు చెప్పకపోతే ఒప్పుకున్నట్టు కాదు. బోరు ఎక్కడ వెయ్యాలో బిందె మోసే మనిషిని అడగండి. ఆఖరికి ఇల్లు కట్టుకుంటున్నా వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలో ఇంటావిణ్ణి అడగండి. నేను అడగలేదు. ఇప్పటికీ వింటున్నాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే. కానీ అడగడం చేతకానివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళి అడగాలి. ఈసారి ఫైలు మీద ఆఖరి సంతకం పెట్టేముందు ఒక్క నిమిషం ఆగి, ఇందులో సంతకం లేనివాళ్ళు ఎవరున్నారో ఆలోచించండి.

సెలవు. జై హింద్.