కదలని కుర్చీలు

(విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగం)

1969 ఉద్యమంల లాఠీదెబ్బలు తిన్న మనలనే ఎందరమో తర్వాత గుమస్తా కొలువుల్ల చేరినం. నౌకరంటే ఇజ్జత్ అనుకున్నం. 1975ల రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినంక గూడ చానా పైకుర్చీల స్థానికేతరులే కూసున్నరు. పైకుర్చీ ఖాళీ అయితెనే గద కిందోనికి ప్రమోషన్! వాళ్లను 1986 మార్చి 31కల్ల వాపసు పంపాలని 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చిన్రు. అది అమలయిందా లేదా చూడనీకె గిర్‌గ్లానీ కమిషన్ వేసింది 2001ల. పదిహేనేండ్లు దాటినయి! మన సర్వీసంత అండ్లనే కరిగె.

ఇదంత ఇంట్ల చూసిన పిల్లలు మాదాపూర్ బాట పట్టిన్రు, రెండేండ్లకో కంపెనీ మారిన్రు. నిలకడ లేదని తిట్టినం గని, నిలకడ మనకేం పెట్టింది?

2014ల రాష్ట్రమొచ్చేనాటికి మనల చానామంది రిటైరయిన్రు. రావల్సిన ప్రమోషన్‌ను కాయితం మీదనన్న లెక్కగట్టి పింఛను సవరించుమని అడుగుదం. అర్జీ మీద సంతకాలు ఈ పూటనే మొదలువెడుదం.