కొత్తగా వచ్చిన జెల్ల మేత ముట్టకపోతే



మనవల కోసం ఇంట్లో అద్దాల తొట్టె పెట్టినవారు మనలో కొందరున్నారు. "జెల్లను తెచ్చి మూడు రోజులైంది, మేత ముట్టడం లేదండీ, పిల్లవాడు బెంగపడుతున్నాడు" అని అడుగుతుంటారు.

జెల్ల మన కృష్ణలోనూ, గుణదల పక్కనే పారే ఏలూరు కాలువ వంటి కాలువల్లోనూ ఉండే చేపే. చీకట్లో, అడుగున, మీసాలతో తడుముకుంటూ తిండి వెతుక్కుంటుంది. పట్టపగలు లైటు వేసి, పైన తేలే మేత చల్లి, పిల్లలు అద్దం మీద కొడుతుంటే అదెందుకు బయటికొస్తుంది? బదిలీ మీద వచ్చిన గుమాస్తాకు సీటు చూపకుండా ఫైళ్లు పడేసినట్టుంటుంది!

నేను చేసేది చెబుతాను. చేప ఉన్న సంచీని పావుగంట తొట్టెలో తేలనిచ్చి, తొట్టె నీళ్లు కొంచెం కొంచెంగా అందులో కలుపుతాను. క్లోరిన్ మొప్పలకు చెరుపు కనుక కుళాయి నీళ్లను ముందే ఒకరోజు నిలవబెడతాను. చేత్తో మాత్రం పట్టను. రెక్క ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాస్తుంది. దాక్కోవడానికి ఒక కుండపెంకు బోర్లిస్తాను. మొదటిరోజు మేత వెయ్యను. మర్నాడు రాత్రి దీపాలార్పాక చిన్న వానపాము ముక్క పెంకు దగ్గర జారవిడుస్తాను. తెల్లవారి మిగిలితే తీసేస్తాను. ఆరోగ్యంగా ఉన్న చేప వారం పస్తున్నా తట్టుకుంటుంది. కుళ్లిన మేత నుంచి పుట్టే అమ్మోనియాకు తట్టుకోలేదు. మా జెల్ల ఐదో రాత్రి తిన్నది.

అస్తమానం పైకొచ్చి నోరు తెరుస్తుంటే మాత్రం మేత సంగతి వదిలి, ముందు పావువంతు నీళ్లు మార్చండి. మిగతా సందేహాలు టీ దగ్గర మాట్లాడుకుందాం.