బంగళాతోపాటు లైనిల్లును నిలుపవలెను
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ సభలో గని దిగి పనిచేసిన పెద్దలున్నారు. వారి ముందర గనుల చరిత్ర చెప్పబూనుట తాతకు దగ్గు నేర్పుట వంటిది. కనుక దానిని క్లుప్తముగా స్మరించి, మన పాత కట్టడములను ఏమి చేయవలెనను ప్రశ్నకు వచ్చెదము.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు ఇక్కడి గనుల నిర్వహణమునకు పూనుకొనిరి. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట, నుండి మారికుప్పము వరకు రైలు వచ్చినది. 1902లో కావేరీ తీరమునందలి శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసుకొనినది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. వాతావరణములో పుట్టిన న్యూట్రినోలను లోకమున తొలిసారిగా 1965లో పసిగట్టిన ప్రయోగములలో ఒకటి ఈ గర్భముననే జరిగినది.

పని ఆగినది; కట్టడములు మిగిలినవి. విశాలమైన వరండాలుగల దొరల బంగళాలు, 1885 నాటి క్లబ్బు, ఆసుపత్రి, చర్చిలు, షాఫ్టులపై నిలిచిన ఇనుప చట్రములు మనము నిత్యము చూచుచున్నవే. వీనిని బాగుచేసి ప్రదర్శనశాలలుగా, కళామందిరములుగా మార్చవలెనను మాట అప్పుడప్పుడు వినవచ్చుచున్నది. ఆ మాటను మేము స్వాగతించుచున్నాము. కాని అందులో ఒక లోపము కలదు. ఈ ఊరిని ‘చిన్న ఇంగ్లండు’ అని మురిసిపోవువారు బంగళాను చూతురేగాని లైనిల్లును చూడరు.

చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమలనుండి వచ్చిన మన తాతముత్తాతలు దిగినది బంగళాలలో కాదు. తొలుత తడికల గుడిసెలలోను, పిమ్మట ఇరుకైన లైనిండ్లలోను వారు కాపురము చేసిరి. తమిళ సోదరులు అధిక సంఖ్యలో, వారి సరసన తెలుగువారు, కన్నడిగులు, ఒకే కేజిలో పాతాళమునకు దిగిరి. రాయి పేలి పైకప్పు కూలిననాడు ఏ భాషవాని ఇంట దీపమారినదను భేదము లేకుండెను. బంగళాను నిలిపి లైనిల్లును కూలనిచ్చినచో, మన మనుమలకు దొర కుర్చీ కనబడును. ఆ కుర్చీని నిలిపిన భుజము కనబడదు.

పాత ఇంటికి కొత్త పని కల్పించుట మన జిల్లాకు కొత్త కాదు. మాలూరు తాలూకాలోని మాస్తి గ్రామమున, మాస్తి వేంకటేశ అయ్యంగారి ఇల్లు గ్రంథాలయమైనది. ఒకప్పుడు కోలారు జిల్లాలో నుండి, 2007నుండి చిక్కబళ్లాపుర జిల్లాకు చెందిన ముద్దేనహళ్లిలో, మన మోక్షగుండమువారి ఇల్లు స్మారకమైనది. విజయవాడలో 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనము, మరమ్మతుల పిమ్మట 2020లో బాపు మ్యూజియముగా తిరిగి తెరువబడినది.

ఇక గని ఊళ్ల మాట. వేల్సు దేశమున బిగ్ పిట్ అను బొగ్గు గని 1980లో మూతపడి, 1983లో ప్రదర్శనశాలగా తెరచుకొనినది. అక్కడ సందర్శకులను లోనికి తీసికొనిపోయి చూపువారు పూర్వపు గనికార్మికులే. వారు పని ముగించి స్నానము చేసిన గదులను సైతము భద్రపరచిరి. జర్మనీలోని ఎస్సెన్ నగరమున 1986లో మూతపడిన జోల్‌ఫరైన్ గని నేడు సంస్కృతికి నిలయమై, 2001లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. మన గనులు మూతపడినదియు ఆ సంవత్సరమే. స్నానపుగది చరిత్రయైనప్పుడు మన లైనిల్లు ఎందుకు కారాదు?

అయితే బాగుచేయుటయనగా సున్నము కొట్టి బల్ల తగిలించుట కాదు. మొదట కొలతలు తీసి పటము గీయవలెను. పిమ్మట పైకప్పును, వాననీరు పోవు దారిని సరిచేయవలెను. నీరు దిగు గోడకు ఏ అలంకారము నిలువదు. సున్నముతో కట్టిన గోడకు సిమెంటు పూసినచో లోనితేమ బయటికి రాలేక ఇటుక పొడియగును. కనుక సున్నమునకు సున్నమే వాడవలెను. చెదలు పట్టిన దూలమును మార్చవచ్చును గాని, గట్టి దూలమును తీయరాదు. అన్నిటికంటె ముఖ్యము, కట్టడమునకు నిత్యము పని ఉండవలెను. కోలారమ్మ గుడి శతాబ్దులు దాటి నిలిచియుండుటకు శిలాబలము ఒక్కటే కారణము కాదు. నిత్యము పూజ జరుగుటయు కారణమే. తాళము పడిన ఇల్లు త్వరగా శిథిలమగును.

కనుక మేము కోరునది ఇది. ఒక బంగళాను, ఒక లైను వరుసను కలిపి నిలుపవలెను. బంగళాలో నాలుగు భాషల పఠనాలయము, నాటక సంగీత సభలకు గది, పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పు సాయంకాల తరగతి ఉండవచ్చును. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని, చదువలేని స్థితికి వచ్చుచున్నారని మీరెరుగుదురు. లైను వరుసలో ఒక ఇంటిని నాటి కాపురమువలెనే ఉంచి, తక్కినవానిలో పెద్దల మాటలను వినిపించు ఏర్పాటు చేయవచ్చును.

ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఆ లైన్లలో నేటికిని కుటుంబములు కాపురమున్నవి. స్మారకము పేరిట ఒక్క కుటుంబమును వీధిపాలు చేయు పథకమునకు మేము ఒప్పము. ఖాళీయైన వరుసనే ఎన్నుకొనవలెను; అక్కడి కావలి, మరమ్మతు, చూపరి పనులు గని కుటుంబముల పిల్లలకే దక్కవలెను.

స్థలము కేంద్రప్రభుత్వముది, అనుమతి మన చేతిలో లేదు. అందుచేత తమిళ, కన్నడ, ఉర్దూ సోదరులతో కలిసి ఒకే అర్జీ పెట్టవలెను. విడివిడిగా అడిగినచో ఎవరి మాటయు చెల్లదు. అంతవరకు మన చేతిలోని పనులు చాల ఉన్నవి. మీ ఇంటి పెట్టెలలోని హాజరు టోకెను, జీతపు చీటి, పాత ఛాయాచిత్రము, ఊరినుండి వచ్చిన తెలుగు ఉత్తరము, వీనిని పారవేయకుడు. ఎవరివి, ఏ సంవత్సరమువి అని వెనుక వ్రాసి ఉంచుడు. గని దిగిన పెద్దల మాటలను వారుండగనే రికార్డు చేయుడు. గోడ కూలినచో మరల కట్టవచ్చును. ఆ గొంతు ఆగినచో మరల రాదు.

ఈ పనికి మొదటి పేర్లు నేడే, ఈ సభలోనే నమోదు కావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.