పదును ఉన్నప్పుడే విత్తుకోవాలి
(సంఘం వార్షికోత్సవ సభలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ మన సావనీరు పని మొదలవగానే సంపాదక వర్గం వారు పదిమందిని వ్యాసాలు అడుగుతారు. పదిమందీ సరేనంటారు. గడువు నాటికి చేతికి అందేవి మూడో నాలుగో. మిగిలిన వారిని అడిగితే, "రాశాను సార్, అంత బాగా రాలేదు, ఇంకొంచెం సరిచేసి ఇస్తాను" అంటారు. ఆ 'ఇంకొంచెం' ఎప్పటికీ పూర్తి కాదు. పుస్తకం అచ్చయిపోతుంది, వ్యాసం నోటుబుక్కులోనే ఉండిపోతుంది. నాకిచ్చిన ఈ కొద్ది సమయంలో ఆ 'ఇంకొంచెం' గురించే మాట్లాడతాను.

మనది అనంతపురం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే నేల. ఇక్కడ శెనక్కాయ వేసే ప్రతి రైతుకూ రెండు మాటలు తెలుసు: అదును, పదును. అదును అంటే కాలం. పదును అంటే విత్తనం మొలవడానికి చాలినంత తేమ. పదును లేకుండా విత్తితే విత్తనం పోతుంది. పదును వచ్చాక కూడా "ఇంకో మంచి వాన పడనీ" అని గొర్రు కట్టకుండా కూర్చుంటే అదును పోతుంది. రాతకూ ఇదే లెక్క. విషయం తెలిసి ఉండటమే పదును. తెలియకుండా రాయకూడదు, తెలిశాక ఆగకూడదు.

మనమంతా గౌరవించే సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారినే చూడండి. ఢిల్లీలోని పాత కట్టడాల మీద ఆయన 'ఆసారుస్సనాదీద్' అనే పుస్తకాన్ని 1847లో ప్రచురించారు. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పై ఏళ్లు. మున్సిఫుగా ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా తిరిగి, కొలతలు తీసి, శాసనాలు ఎత్తి రాసుకున్నారు. మొదటి కూర్పు భాష బాగా అలంకారాలతో నిండినది. 1854లో ఆయనే ఆ పుస్తకాన్ని సాదా భాషలో తిరగరాసి, విషయాన్ని సరిదిద్ది, రెండో కూర్పు తెచ్చారు. ఆ తర్వాత మూడేళ్లకే 1857 వచ్చింది. తిరుగుబాటు అణిచాక ఆంగ్లేయులు ఢిల్లీలో ఎన్నో కట్టడాలను కూల్చేశారు. "శైలి కుదరలేదు, ఇంకొన్నేళ్లు ఆగుదాం" అని ఆయన అనుకుని ఉంటే, ఆ తర్వాత వెళ్లి చూడటానికి అవి నిలిచి లేవు.

మన దగ్గరి సంగతీ చెబుతాను. కదిరి ప్రాంతంలోని కటారుపల్లిలో వేమన సమాధి ఉందని మీకు తెలుసు. ఆ వేమన పద్యాలను సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించారు. దొరికిన ప్రతులన్నీ పోల్చి, ఇంక చాలు అనుకునేదాకా ఆయన ఆగలేదు. వెతుకులాట మానలేదు కూడా. పదేళ్లకు, 1839లో, మరిన్ని పద్యాలతో ఇంకో కూర్పు తెచ్చారు. ముందు ఇవ్వడం, తర్వాత మెరుగుపరచడం అనే పద్ధతిని ఈ ఇద్దరి దగ్గరా నేర్చుకోవచ్చు.

మన జిల్లా తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం గారు 'పెన్నేటి పాట' కావ్యం రాశారు. ఆయనే ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికకు ఏళ్ల తరబడి సంపాదకులుగా ఉన్నారు, 'మాణిక్యవీణ' శీర్షికను ఎంతోకాలం నడిపారు. కావ్యానికి కవి తనకు కావలసినంత కాలం తీసుకోవచ్చు. శీర్షికకు ఆ వెసులుబాటు లేదు. వారం తిరిగేసరికి పేజీ నిండాలి. అలా రాసిన ప్రతిదీ కావ్యం కాదని ఆయనకు తెలియకపోదు. చదివేవాళ్లు ఎదురుచూస్తున్నారన్నదీ తెలుసు.

ఇంకో అడ్డంకి ఉంది. మనలో చాలామంది ఇళ్లలో ఉర్దూ, బళ్లో తెలుగు. "నా తెలుగు తప్పులు పోతుందేమో, నలుగురూ నవ్వుతారేమో" అనే భయం వేరే చెప్పనక్కర లేదు. మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి తన నానీ గురించి పదిహేను వరుసలు రాసి, అన్నీ కొట్టేసింది. కొట్టేసిన వరుసలే చదివాను. కరువు ఏడాది ఆ ముసలామె బిడ్డల కోసం తన వెండి కడియాలు అమ్మి జొన్నలు కొన్న సంగతి అందులో ఉంది. రెండు చోట్ల విభక్తి తప్పు, ఒక చోట ఒత్తు లేదు. ఆ తప్పులు దిద్దడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ కడియాల సంగతి మాత్రం ఆ పిల్ల తప్ప ఇంకెవరూ రాయలేరు. మన పక్క జిల్లా వేంపల్లె షరీఫ్ గారు రాయలసీమ ముస్లిం ఇంటి బతుకునే 'జుమ్మా' కథలుగా రాస్తే, కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మన ఇంటి మాట తెలుగులో చెల్లుతుందా అన్న అనుమానం ఇంక అక్కర్లేదు.

అయితే ఎలా రాసినా చెల్లుతుందని నేను అనడం లేదు. పేర్లు, తేదీలు, అంకెలు, ఎవరేమన్నారన్నది, వీటి దగ్గర మాత్రం రాజీ పడకండి. గూగూడు మొహర్రం గురించి రాస్తే అక్కడి పెద్దలను ఇద్దరినైనా అడగండి. పెనుకొండ బాబయ్య దర్గా గురించి రాస్తే వెళ్లి చూసి రండి. తేలని సంగతిని వదిలేయండి. మాట సొగసు దగ్గర, మొదటి వాక్యం దగ్గర, ముగింపు దగ్గర ఎంతకాలమైనా తచ్చాడవచ్చు. అక్కడే ఒక హద్దు పెట్టుకోవాలి.

నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఇది. ఒక వ్యాసానికి ఒకే సంగతి పెట్టుకోండి. ఒక్క కూర్పులో చివరిదాకా రాసేయండి, మధ్యలో దిద్దకండి. ఒక రాత్రి పక్కన పెట్టండి. మర్నాడు బయటికి వినబడేలా చదవండి. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండుగా విరవండి. ఒకరికి చూపించండి, పదిమందికి వద్దు. వాళ్లకు అర్థం కానిచోటు సరిచేసి, ఇచ్చేయండి. మూడో రోజుకు అది మీ చేతిలో ఉండకూడదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన సావనీరు అలంకారానికి వేసే పుస్తకం కాదు. జకాత్ ఇచ్చినవారు, చందాలు ఇచ్చినవారు దీన్ని తెరిచి తమ డబ్బు ఎవరి చదువుకు పోయిందో చూసుకుంటారు. ఆ ఫీజుతో చదువుకున్న అబ్బాయి, ఏం చదివాడో, ఇప్పుడేం చేస్తున్నాడో అరపేజీ రాస్తే, అది వారికి మనం ఒప్పజెప్పే లెక్క. ఆ అరపేజీ రాకపోతే మరుసటి ఏడు ఇంకో పిల్లవాడి ఫీజు అడగడానికి మన పెద్దల దగ్గర మాట ఉండదు. అలాగే మన పేటల్లో కరువులను, వలసలను కళ్లారా చూసినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. మీ వాక్యం కుదిరేదాకా వాళ్లు కూర్చుని ఉండరు.

సంపాదక వర్గం వారు గుమ్మం దగ్గర తెల్ల కాగితాలు పెట్టారు. వెళ్లేటప్పుడు తలా రెండు తీసుకోండి. ఈ వారంలో ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి ఒక సంగతి అడిగి రాయండి. వచ్చే శుక్రవారం నమాజు తర్వాత, ఎలా ఉంటే అలా, తెచ్చి ఇవ్వండి. ఒత్తులూ దీర్ఘాలూ దిద్దడానికి మా ఉపాధ్యాయులం ఉన్నాం.